ఇంజను ఆగిన మధ్యాహ్నం

మాది సోలాపూర్ భవానీ పేట్. మా ఆయన ముప్పై ఏళ్లుగా పవర్‌లూం మీద తువ్వాళ్లు నేస్తున్నారు. ఆ మగ్గాన్ని మేం సాంచా అంటాం. కిందటేడు మా అమ్మాయి పట్టుబట్టి మమ్మల్ని ముంబై నుంచి గోవా వెళ్లే పెద్ద ఓడ ఎక్కించింది. సముద్రాన్ని చూసి ఎంత మురిశానో, అంతకు రెట్టింపు వాంతులు చేసుకున్నాను. ఆయనకేమో చప్పుడు లేని గదిలో కునుకే పట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం, ఓడ వెనకవైపు ఇంజను మోత వినిపించేచోట కుర్చీలో కూలబడి గురకపెట్టారు. హమ్మయ్య అని నేనూ కళ్లు మూసుకున్నాను. అంతలో ఇంజను ఆగింది.

ఆయన ఉలిక్కిపడి లేచారు. "దారం తెగిందా? సాంచా ఎవడు బంద్ జేసిండు?" అని అరుస్తూ పరిగెత్తి, ఎవరో ఆవిడ చేతిలోని పళ్లరసం ఒలకబోశారు. అందరూ పకపకా నవ్వారు.

"బాపూ, ఇది కార్ఖానా కాదు, జహాజ్! గోవా వచ్చింది," అంది అమ్మాయి, తల దించుకుని.

"చప్పుడు ఆగితే భయమైతది బిడ్డా," అన్నారాయన.

ఇంటికి చేరేసరికి పక్క కార్ఖానా మోగుతోంది. చేతిలో సంచీ అయినా దించకుండా, గోడకు ఆనుకుని ఆయన నిద్రపోయారు. ఆయనకు విశ్రాంతి ఎక్కడ దొరుకుతుందో సముద్రం దాకా వెళ్లొచ్చాక గానీ నాకు తెలియలేదు.