ముందు చక్రంలో ముడి

మగ్గం మీద చెయ్యి వేసి చెబుతున్నాను, కింద రాసిన ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాటకే నవ్వుతారు. సూరత్‌లో మన తెలుగు నేతవాళ్లుండే మా లింబాయత్ గల్లీలో నా పేరు కోతల మేస్త్రీ. నా నోట పడితే దోమ ఏనుగై లేస్తుందని అంటారు. అందుకే ఒట్టు వేయాల్సి వచ్చింది. పందెం సైకిలు చక్రం టైరు తీస్తే కిలో కూడా తూగదు. అలాంటి ఒక చక్రాన్ని పన్నెండేళ్లుగా మోస్తున్నాను. తెలిసినవాళ్ల ముందు దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. కాబట్టి ఇక్కడ దించుతున్నాను.

పవర్‌లూమ్ కారఖానాలో మగ్గాలు బాగుచేయడం నా పని. పాత పందెం సైకిళ్లు నా పిచ్చి. వంగిన హ్యాండిళ్లు, తోలు సీట్లు, ఇప్పుడెవరూ చేయని చక్రం నడిమి హబ్బులు, ఇంట్లో బియ్యం డబ్బా మీద కూడా ఉంటాయి. పన్నెండేళ్ల కిందట సూరత్ దగ్గరి కిమ్ ఊళ్లో ఒక పాత ఇనుము దుకాణంలో రంగు పెచ్చులూడిన ఫ్రేమూ, జోడు చక్రాలూ దొరికాయి. అల్యూమినియం రిమ్ములు, టైరును జిగురుతో అంటించే రకం. మన మామూలు సైకిలు ముందు చక్రానికి ముప్పై రెండు స్పోకులుంటాయి. వీటికి ఇరవై నాలుగే. అంత సన్నని చక్రాన్ని నేను అంతకుముందు చూడలేదు.

అన్నీ విప్పి, కడిగి, మళ్లీ కట్టాను. ఒక్కో స్పోకును వేలితో మీటి, మోత విని బిగించాను. పడుగు బిగువును వేలితో చూసేవాడికి అదేమీ పెద్ద విద్య కాదు. ఇక కథ కట్టకుండా ఉంటానా? ఆ సైకిలు మీద ఒక దొర మంచుకొండలెక్కాడని, పందెంలో ఓడిన సిగ్గుతో ఓడెక్కి సూరత్ రేవులో దిగాడని, చనిపోయేటప్పుడు కూడా చక్రాల మీద చెయ్యి తీయలేదని గల్లీ అంతా చెప్పాను. వరాఛా పేట వజ్రాల పనివాళ్లు కొత్త గేరు సైకిళ్లతో మా వాళ్లను పందేనికి పిలిచినప్పుడు, దొర సైకిలు ఉండగా మనకేం అన్నాను. తొక్కేది మా అక్క పెనిమిటి రాజేశం బావ.

బావ నేత పనిలో చెయ్యి తిరిగినవాడు. తాకా, అంటే మగ్గం మీంచి దిగిన బట్ట చుట్ట, దాని మీద కళ్లు మూసుకుని అరచెయ్యి జరిపితే ఎక్కడ పోగు తప్పిందో చెప్పేవాడు. ఆ చెయ్యిని గుర్తుపెట్టుకోండి.

పందెం ముందు రోజు మధ్యాహ్నం ముందు చక్రం తుడుస్తుంటే ఒక స్పోకు రంధ్రం చుట్టూ వెంట్రుకంత గీత కనిపించింది. గోరు పెట్టి చూశాను. గోరు దిగింది. అది గీత కాదు, పగులు.

అప్పుడేం చేయాలి? ఆ చక్రం తీసి పక్కన పెట్టాలి. అంతే. కానీ తీస్తే ఇనుము దుకాణంలో నేను మోసపోయానని ఒప్పుకోవాలి. దొర పోతాడు, మంచుకొండలు పోతాయి, మిగిలేది నేనూ నా కోతలూ. నవ్వులపాలు కావడానికి భయపడి ఒక మనిషిని పగిలిన చక్రం మీద ఎక్కించేవాణ్ని ఏమంటారు?  

నేతగాడు చేసే పనే చేశాను. పోగు తెగితే మనం ముడి వేస్తాం. పక్క పోగులు బరువు పంచుకుంటాయి, బట్ట ఆగదు. తప్పు దొర్లిన చోటును మడత లోపలికి తోసి తాకా పంపేస్తాం. అలాగే పగులు దగ్గర స్పోకులు ఒకదాన్నొకటి దాటే చోట గట్టి పాలిస్టర్ దారం చుట్టి, ముడి వేసి, జిగురు పూశాను. పగులు మీద వెండి రంగు అద్దాను. పడుగులో పోగులు వేలల్లో ఉంటాయి, ఒకటి పోయినా పరవాలేదు. నా చక్రంలో ఉన్నవి ఇరవై నాలుగు. ఈ లెక్క నాకు తెలియదా? తెలుసు. చేతులు మాత్రం వాటి అలవాటు చొప్పున పోయాయి, నేను పోనిచ్చాను.

మర్నాడు పొద్దున కెనాల్ రోడ్డు మీద అందరూ వరసగా నిలబడ్డారు. బావ సైకిలు ఎక్కబోతూ వంగి, ముందు చక్రం మీద వేళ్లు జరిపాడు. జరిపే వేళ్లు ఆగాయి.

“ఏందిరా, గీడ ముడేసినవ్?”

“రేసు సైకిళ్లకు గట్లనే కడ్తరు బావా. ఫారిన్ల గిదే పద్ధతి.”

“నా చేతికి మంచిగ అనిపిస్తలేదు.”

“నీ చేతికి బట్ట తెలుస్తది గని సైకిల్ ఏం తెలుస్తది? పో. మలుపు కాడ జర నిమ్మలంగ పో.”

బావ నవ్వాడు. “నువ్వు కట్టినవ్ గద. ఇగ నాకేం భయం.”

మలుపు దగ్గర ఆయనే ముందున్నాడు. నేను పాత స్కూటరు మీద వెనక వస్తున్నాను. టప్పున మోత వినిపించింది, మగ్గంలో తోలు పట్టా తెగినట్టు. ముందు చక్రం అప్పడంలా మడతపడింది. అందరికంటే ముందు చేరింది నేనే. బావ పక్కకు తిరిగి పడి ఉన్నాడు, కదలడం లేదు. ఇది చదువుతున్న మీరు నన్ను ఏమైనా అనుకోండి. జేబులో ఎప్పుడూ ఉండే దారం కత్తెర తీసి మొదట ఆ ముడిని కోశాను. దారం కాలువలోకి విసిరాను. ఆ తర్వాతే బావను ముట్టుకున్నాను.

ఆస్పత్రిలో అక్క ఏమైందని అడిగింది. నోరు దానంతటదే తెరుచుకుంది. బర్రె అడ్డం వచ్చిందన్నాను. ఒక్క బర్రెతో ఆగితే నేను కోతల మేస్త్రీని ఎందుకవుతాను? చూలు బర్రె అన్నాను, మెడలో గంట ఉందన్నాను, దాన్ని తప్పించబోయి బావ పడ్డాడన్నాను. తలకు దెబ్బ తగిలిన బావకు ఆ పొద్దు ఏదీ గుర్తు లేదు. ముడి కూడా గుర్తు లేదు. నేను చెప్పినదే ఆయనకు గుర్తయింది.

కుడి మణికట్టు సరిగా అతకలేదు. రెండు వేళ్లు వంగవు. పోగు ముడి వేయలేని చేతికి మగ్గం దగ్గర పనేముంటుంది? పల్సానాలో ఒక మిల్లు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. వచ్చేపోయేవాళ్లకు బర్రె కథ చెబుతాడు. నేను చెప్పనివి కూడా చేరాయి అందులో. దాని కళ్లు తన కళ్లలోకి చూశాయంటాడు. పుట్టని బర్రె కళ్లు ఆయనకు గుర్తున్నాయి.  పనిచేసే చెయ్యి ఒకటే కాదు, జరిగిన రోజును కూడా ఆయన దగ్గర నుంచి నేనే తీసేసుకున్నాను.

పోయిన వారం బావ మా ఇంటికి వచ్చాడు. గోడకు వేలాడుతున్న వెనక చక్రం వైపు చూశాడు. ఆ జోడులో మిగిలింది అదే. చచ్చేలోపు ఒక్కసారి ఆ సైకిలు మీద కెనాల్ రోడ్డు దాకా పోయి రావాలట. ముందుకు వేరే చక్రం చూడమన్నాడు, వెనక్కి అదే ఎక్కించమన్నాడు. “దాని తప్పేం లేదురా,” అన్నాడు, “తప్పు బర్రెది.”

ఆయన తిరిగి వెళ్లాక చక్రం దించి భూతద్దంతో చూశాను. మూడు రంధ్రాల దగ్గర అదే వెంట్రుక గీత. ఆయన నమ్మకానికి పునాది నా బర్రె. రిమ్ము మార్చి, అదే చక్రమని చెప్పి ఇవ్వచ్చు. బావ క్షేమంగా పోయి వస్తాడు. మళ్లీ ఒక మడత. ఎన్నని వేయను?

రేపు పొద్దున బావ వస్తున్నాడు. చక్రం మళ్లీ గోడకే తగిలించాను. ఎవరో తెలియని మీకని మొదలుపెట్టిన ఈ కాగితాన్నే ఆయన చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంటాను. ఆయన కూడబలుక్కుని చదువుతాడు, చాలాసేపు పడుతుంది. చదివాక ఏమంటాడో తెలియదు. అక్క మళ్లీ నా గడప తొక్కుతుందో లేదో తెలియదు. క్షమించమని అడగను. రాస్తుంటే మాత్రం, చాలా ఏళ్ల తర్వాత, ఊపిరి అడుగుదాకా పోతోంది.

ఒట్టు వేశాను కదా. ఒక్కచోట తప్పాను. చక్రం నిజం, పగులు నిజం, కత్తెర నిజం. మలుపు దగ్గర నిమ్మలంగా పొమ్మని నేను అన్నట్టు రాశాను. అనలేదు. ఈ కాగితం మీదనైనా కాస్త మంచివాడిలా కనబడదామని కల్పించాను. బావే అడిగాడు, “మలుపు కాడ నిమ్మలంగ పోవాల్నా?” అని.

“బ్రేకు ముట్టకు బావా,” అన్నాను. “గీ చక్రం నీకంటె గట్టిది.”