ఇరవై ఏడో నంబరు రక్తం

అబద్ధాన్ని ఇనప్పెట్టెలో పెట్టి, మూడు తాళాలు వేసి, తాళంచెవులు కృష్ణలో పారేసిన ఆడపిల్ల గద్వాల మొత్తం మీద ఒక్కతే ఉంది. ఆ మహాతల్లిని నేనే. పెట్టె నేనే చేశాను, తాళాలు నేనే వేశాను. లోపలున్నది అబద్ధమని మాత్రం నాకు తెలియదు. తెలిసేసరికి మా అమ్మ కాలి బొటనవేలు పోయేంత పనైంది. పోలేదు కాబట్టే ఇప్పుడు మీకు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. వనపర్తిలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, బ్లాక్‌చెయిన్ అనే కొత్త విద్య ఒకటి వంటబట్టించుకుని ఇంటికొచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఇంజనీరు కూడా అంతే. మా వీధిలో అందరివీ మగ్గాలే. ఎవరింటికి వెళ్లినా దవాఖాన కాగితాలు చీరల దుకాణం కవర్లో మడతలుపడి, సగం తడిసి, సగం చిరిగి ఉంటాయి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఆ కవరు బోర్లించాల్సిందే. ఈ కవర్ల నుంచి నా వీధిని విముక్తి చేయాలని నడుం కట్టాను.

ముందు మా నాయిన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "ఇది ఒక్కరి తాన ఉండే పుస్తకం గాదు నాయినా. ఒకటే పుస్తకం నలుగురి తాన ఉంటది. ప్రతి పేజీ మీద ఎనక పేజీ గుర్తు ఉంటది. ఎవడన్న ఒక్క అక్షరం మార్చిండనుకో, మిగిలినోళ్ల తాన దొరికిపోతడు."

"మరి తప్పు రాస్తే?"

"రాయనియ్యం. ముగ్గురు ఒప్పుకుంటెనే లోపలికి పోతది."

"ముగ్గురూ తప్పునే ఒప్పుకుంటే?"

"నాయినా, నీకు టెక్నాలజీ తెల్వదు."

"తెల్వదు బిడ్డా. మగ్గం మీద తప్పు పడితె ఇప్పుకోని మల్ల నేస్తం. గందుకే అడిగిన," అని ఆయన లేచి పనిలోకి వెళ్లిపోయాడు. పాతకాలం మనుషులను చూసి జాలిపడే వయసది. జాలిపడ్డాను.

ఆ నెలలోనే మా వీధిలో ఎవరో దాతలు ఉచిత రక్తపరీక్షల శిబిరం పెట్టారు. నేను వాళ్ల కాళ్లావేళ్లా పడి నా చెయిన్‌ను అందులో దూర్చాను. ఏర్పాటు చూడండి ఎంత పకడ్బందీగా ఉందో. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి టోకెన్ ఇచ్చి, ఇచ్చానని ఫోన్‌లో నొక్కాలి. రక్తం తీసినవాడు తీశానని నొక్కాలి. పరీక్ష చేసినవాడు ఫలితం రాసి నొక్కాలి. మూడూ పడ్డాయంటే తాళం పడినట్టే. ఆ తర్వాత బ్రహ్మదేవుడు వచ్చినా చెరపలేడు. పైగా ఎవరి జబ్బు ఎవరికీ తెలియకూడదు కదా, అందుకని ఎక్కడా పేరుండదు, ముఖం ఉండదు, ఉత్త నంబరే. ఈ ఆలోచన వచ్చినప్పుడు నా వీపు నేనే తట్టుకోబోయాను కానీ చెయ్యి అందలేదు.

మా అమ్మది ఇరవై ఏడో నంబరు. శిబిరం రోజు నేను ఓ మూల ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక్కో నంబరుకు మూడేసి ఆకుపచ్చ టిక్కులు పడుతుంటే మురిసిపోతున్నాను. ఇరవై ఏడుకు మూడూ పడ్డాయి. సుగర్ తొంభై రెండు. అమ్మ ఎప్పుడొచ్చి వెళ్లిందో చూడనే లేదు. టిక్కు కనబడుతుంటే మనిషితో పనేముంది?

మూడు వారాలకు నాగర్‌కర్నూల్లో ఒక ప్రదర్శన జరిగితే అక్కడ నాకు మొదటి బహుమతి వచ్చింది. శాలువా కప్పారు, మైకిచ్చారు. "మా అమ్మ ఆరోగ్యాన్నే మొట్టమొదట ఈ గొలుసులో భద్రపరిచాను" అని, ఇరవై ఏడో నంబరన్న సంగతి మింగేసి, గొంతు గద్గదం చేసుకుని మరీ చెప్పాను. అమ్మ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టలేదు. ఆనందంతో చేతులు ఆడలేదనుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచేసి, బోర్లా పడడానికి ఇంటికొచ్చాను.

ఆ తర్వాత రెండు నెలలకు మగ్గం తొక్కేచోట కర్ర గీసుకుని అమ్మ కాలి బొటనవేలికి చిన్న పుండైంది. పసుపు పెట్టింది, మానలేదు. ఏదో మలాం రాసింది, మానలేదు. బిందెల కొద్దీ నీళ్లు తాగుతోంది. వేలు నల్లబడుతుంటే నాయినకు అనుమానం వచ్చింది.

"సుగరేమో, జర చూపియ్యరాదూ?"

నేను ఫోన్ తీసి తెర ఆయన ముఖం ముందు పెట్టాను. "తొంభై రెండు. మూడు టిక్కులు. అమ్మకు సుగర్ లేదు నాయినా."

అలా ఇంకో పది రోజులు. నా జీవితంలో సిగ్గుపడాల్సిన రోజులు చాలానే ఉన్నాయి కానీ, ఆ పది రోజుల ముందు అవన్నీ పండగలే. చివరికి నాయినే ఆటో పిలిచి అమ్మను ఎక్కించాడు. తోడుగా మా చిన్నమ్మ, అంటే నాయిన తమ్ముడి భార్య, ఎక్కింది. వాదించడానికి నేనూ ఎక్కాను.

దవాఖానలో నర్సు విజయమ్మ. యాభై దాటిన మనిషి, కళ్లద్దాల పైనుంచి చూస్తుంది. పుండు చూసి, చిన్న మెషీను తీసి, "వేలియ్యమ్మా," అంది.

నేను అడ్డం దూకాను. "మల్ల గుచ్చుడెందుకు సిస్టర్? రికార్డున్నది. తొంభై రెండు."

"గది ఎప్పటిది?"

"మూడు నెల్లయితుంది. కాని చెయిన్‌ల ఉన్నది మారదు."

"నీ చెయిన్‌ల మారదేమో పాపా, ఒంట్ల మారతది," అంటూ గుచ్చేసింది.

నాలుగు వందల పద్దెనిమిది.

"మెషీన్ ఖరాబైంది!" అన్నాను.

"నీ వేలు తే."

తెచ్చాను. తొంభై ఆరు. మెషీను బాగానే ఉందన్నట్టు చూసింది. అమ్మది మళ్లీ గుచ్చింది. నాలుగు వందల ఇరవై ఒకటి.

"చూసిన్రా! ఒకసారి పద్దెనిమిది, ఒకసారి ఇరవై ఒకటి! రెండు లెక్కలు చెప్తుంది!"

వెనక వరసలో నిలబడ్డ ముసలాయన, "సిస్టరమ్మా, ముందుగాల గా పిల్లకు ఏమన్న సూది ఉంటె చూడు," అన్నాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లను మీరు చూసుంటారు. నా కుందేలుకు మూడు టిక్కులు కూడా ఉన్నాయి, ఎలా ఒప్పుకుంటాను? మళ్లీ నా వేలు ముందుకు చాపుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మెషీన్ మంచిదే సిస్టరమ్మా. నా బిడ్డ గూడ మంచిదే. గా శిబిరంల ఇచ్చిన రక్తం నాది గాదు."

మా చిన్నమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. "నేనిచ్చిన."

"నువ్వెందుకిచ్చినవ్ చిన్నమ్మా?" అన్నాను.

"ఆ దినం అక్క మగ్గం మీద ఎవరిదో పెండ్లి చీర నేస్తుండె. అంచు కలుపుతుండె. నడుమ లేస్తె బట్ట మీద జాడ పడ్తది, చీర వాపసొస్తది. 'చెల్లే, జర నా టోకెన్ పట్టుకపోయి ఇచ్చిరా' అన్నది. ఇచ్చొచ్చిన. ఒక్క పొయ్యి మీద వండుకోని తింటం, ఒక్క కుండ నీళ్లు తాగుతం. రక్తమెట్ల ఏరయితది?"

మీరు నవ్వండి, ఫరవాలేదు. టోకెన్ అమ్మకే ఇచ్చారు, నిజం. ఇరవై ఏడో నంబరుకు రక్తం తీశారు, నిజం. అందులో సుగర్ తొంభై రెండు, నిజం. ముగ్గురూ సత్యహరిశ్చంద్రులే. మూడు నిజాలు కలిపి ఒక అబద్ధం నేసింది నేను.

"మరి నాకన్న చెప్పొద్దా అమ్మా?"

"చెప్దామనే అనుకున్న. గంతలనే నీకు శాలువా కప్పిరి. నా రక్తమే మొదటిదని మైకుల చెప్తివి. గంతమందిల నీ మాట ఎట్ల పోగొడ్త బిడ్డా? నా వేలు నొచ్చినా మంచిదే అనుకున్న."

నా మాట నిలబెట్టడానికి తన వేలు పోగొట్టుకోబోయిన మనిషి ముందు నేను చిన్నపిల్లలా ఏడ్చాను. విజయమ్మ ఏమీ తిట్టలేదు. అమ్మ కాలు తన ఒళ్లో పెట్టుకుని పుండు కడుగుతూ ఒక్క మాట అంది. "నీ గొలుసు మంచిదే పాపా. గొలుసుకు ఎవరి బర్రెను కట్టినవో చూసుకోవాలె గద."

డాక్టరు వచ్చి, ఇంకో వారం ఆగితే వేలు తీసేయాల్సి వచ్చేదన్నాడు. ఆరు వారాలు మందులు, ఇన్సులిన్, రోజూ కట్టు. అమ్మ నడవలేని రోజుల్లో విజయమ్మ డ్యూటీ దిగి మా ఇంటి మీదుగా వెళుతూ కట్టు మార్చేది. చీర పెడదామంటే కసిరేది, టీ మాత్రం తాగేది. వేలు మానింది. ఆమెకు నేనెంత రుణపడ్డానో ఏ రికార్డూ చెప్పలేదు.

ఇక మిగిలింది నా ఇనప్పెట్టె. పాతది చెరిపే వీలు లేదు, కింద సవరణ చేర్చుకోవచ్చు. దానికి సంబంధమున్న ముగ్గురు ఒప్పుకోవాలి: ఇక్కడ రక్తమిచ్చిన చిన్నమ్మ, మళ్లీ పరీక్ష చేసిన విజయమ్మ, రోగి అయిన అమ్మ. కారణం రాయనిదే ముందుకు కదలదు. ఈ నియమాలు పెట్టిన దుర్మార్గురాలిని కూడా నేనే.

మగ్గం పక్కన కూర్చుని కారణం దగ్గర "సాంకేతిక లోపం" అని రాశాను. టీకి ఆగిన విజయమ్మ చదివి ఫోన్ పక్కన పెట్టేసింది. "గిది అబద్ధం. నేను నొక్క."

"నమూనా మార్పిడి" అని మార్చాను. చిన్నమ్మ మూతి తిప్పింది. "గదేం తెలుగో నాకు తెల్వదు. తెల్వనిదానికి నేను నొక్క."

అమ్మ మగ్గం మీద నుంచి తలెత్తకుండానే చెప్పింది. "రాయి బిడ్డా. పిల్ల కంప్యూటర్ దిక్కు చూసింది, తల్లి దిక్కు చూడలె."

రాశాను. ముగ్గురూ క్షణంలో నొక్కేశారు. మూడు ఆకుపచ్చ టిక్కులు. ఇప్పుడు నేను ఎక్కడ ఈ ప్రాజెక్టు తెరిచి చూపించినా మొదటి పేజీలో ఆ వాక్యమే పలకరిస్తుంది. బ్రహ్మదేవుడు వచ్చినా చెరపలేడు.

కాబట్టి మహాజనులారా, నిండుగా మిగిలిన మా అమ్మ పది కాలివేళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకముందు మనిషి ముఖం చూడనిదే ఏ చుక్క రక్తానికీ తాళం వెయ్యను, అది మా చిన్నమ్మ రక్తమైతే అసలే వెయ్యను!