చెల్లె గొడ్డలి

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు జగిత్యాల మిత్రుడు మా చెల్లె పాత్ర చేతిలోని గొడ్డలిని తీసేశాడు. పాత్ర వివరాలు రాసుకున్న కాగితం మీద ఆ మాట కొట్టేసి "రెండు కత్తులు" అని రాశాడు. నన్ను అడగలేదు.

కోరుట్లలో మా మేడ గదిలో మేం ఆడేది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ ఆట. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో పాచిక చెబుతుంది. కథ నడిపేది సిరిసిల్ల తమ్ముడు. వేములవాడలో బస్సు మారి, రుద్రంగి మీదుగా వస్తాడు. వానాకాలంలో చెల్లె జ్వరంతో పోయింది. ఆమె పాత్రను మాత్రం కథలో చంపొద్దని ముగ్గురం అనుకున్నాం. ఆమె వంతు వస్తే పాచిక నేను వేసేదాన్ని.

"గిదేంది తమ్మీ?" అని జగిత్యాల మిత్రుణ్ని అడిగాను.

"యావరేజ్ చూడక్కా. గొడ్డలికి పన్నెండు ముఖాల పాచిక ఒక్కటి, సగటు ఆరున్నర. కత్తులకు ఆరు ముఖాలవి రెండు, సగటు ఏడు. ఇన్ని రోజులు ఉత్తగనే లాసైనం."

"గా గొడ్డలి దానిది."

"చెల్లె ఉన్నా గిదే ఒప్పుకుంటుండె."

ఆ మాటకు ఒళ్లు మండింది. పోయినవాళ్లు ఏం ఒప్పుకుంటారో ఉన్నవాళ్లకు ఎంత సులువుగా తెలిసిపోతుంది! ఆమె ఉండగానే అతను ఈ లెక్క చెప్పాడు. "సగటుతోటి నువ్వు కొట్టు అన్నా, నేను గొడ్డలితోటి కొడత" అంది. ఒకటి పడితే "దోమ సచ్చింది" అని తనే ముందు నవ్వేది. పన్నెండు పడితే కుర్చీలోంచి లేచేది. ఆరున్నర ఆమెకు ఒక్కసారీ పడలేదు. ఎవరికీ పడదు.

పైగా ఆ లెక్కా తప్పే. ఆ రోజు ఎదురుగా ఉన్న రాక్షసుడికి కవచం ఉంది. అది ప్రతి దెబ్బలోనూ రెండు తగ్గిస్తుంది. గొడ్డలిది ఒకటే దెబ్బ, కత్తులవి రెండు. తగ్గించాక గొడ్డలికి సగటున నాలుగున్నర పైన మిగులుతుంది, కత్తులకు మూడు చిల్లర. అదే చెప్పాను. అతను ఫోన్లో వేసి చూసుకున్నాడు.

"గట్లయితె గీ ఒక్కనికి గొడ్డలి ఉండనీ. తర్వాత కత్తులు."

అతని ముఖంలో ఏ మార్పూ లేదు. లెక్క ఒప్పే అయినా ఆ గొడ్డలిని మార్చే హక్కు అతనికి ఎక్కడిది? సిరిసిల్ల తమ్ముడి వైపు చూశాను. అతను బల్ల వైపు చూస్తూ "గెలవాలె గదక్కా" అన్నాడు.

"మీరు గెలువుండ్రి. మీ గెలుపుకు దాన్ని వాడకుండ్రి."

పన్నెండు ముఖాల పాచికను తీసుకెళ్లి బీరువాలో పెట్టాను.

ఆట ఆగలేదు. ఆదివారాలు వాళ్లు వస్తూనే ఉన్నారు, నా పాత్ర నేను ఆడుతూనే ఉన్నాను. చెల్లె వంతు పాచిక మాత్రం ఇప్పుడు ఎవరూ వేయరు.