నూనె తాగే స్పాంజి

మహబూబాబాద్‌లో ఆటోల సీట్లు కుట్టే లతీఫా బేగానికి పక్క షెడ్డు కొమురెల్లి పేరు చెబితేనే ఒళ్లు మంట. మండదా మరి! లారీలు రిపేరు చేసి, కాలిన ఇంజన్ ఆయిలంతా కాలవలోకి ఒంపుతాడు. అది ఇంకి ఇంకి ఆమె పెరటి బావిలో తేలుతుంది. భర్త పోయాక ఆమెకు మిగిలినవి కుట్టుమిషనూ, ఆ బావీనే. ఇంట్లో కొళాయి లేదు, తాగేదీ ఆ నీళ్లే.

అడగబోతే, "నీ బాయిల ఏం లేదు, నీ కండ్లల్లనే ఉంది" అంటాడు. సాయంత్రానికి తెలంగాణ ఉద్యమ దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని నీళ్ల కోసం గొంతు చించుకుంటాడు. వింటూ ఆమె పళ్లు నూరేది.

వానకు సీట్లు నానకుండా ఆమె స్పాంజిని కరిగిన మైనంలో ముంచి, పిండి ఆరబెడుతుంది. ఒకరోజు అలాంటి ముక్క బావిలో పడింది. చేదతో తీస్తే నల్లగా వచ్చింది. పిండితే కారింది అంతా నూనే, నీటిచుక్క లేదు. ఇక ఆమె ఊరుకుంటుందా? చేటంత ముక్కలు కోసి, తాడు కట్టి రోజూ దింపింది, పిండింది, మళ్లీ దింపింది. నెల తిరిగేసరికి నీళ్లు తేటపడ్డాయి. కాచుకుని తాగసాగింది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. నల్లాలు బందయ్యాయి. శిబిరంలో జనం నాలుకలు పిడచకట్టుకుపోతుంటే, కొమురెల్లి నలుగురిని వెంటేసుకుని క్యాన్లతో ఆమె వాకిట్లోకి వచ్చాడు.

"నీళ్లిస్తవా, ఇయ్యవా? తెలంగాణ వద్దా నీకు?"

ఎంత మాట! సాయిబులామె నీళ్లియ్యలేదని మైకులో చెప్పడానికే వచ్చాడని ఆమెకు తెలుసు.

"ఎందుకియ్య? రేపు నేనే తెస్త" అంది.

ఆ సాయంత్రమే అతను మరో డబ్బా ఆయిలు కాలవలో పోశాడు. తెల్లారేసరికి అది బావిలో తేలింది. ఆమె మొదట పైపైన ఒక చెంబు తోడి పక్కన పెట్టింది. ఆ తర్వాతే స్పాంజి దించి, తేటపడ్డాక తోడి, కాచి చల్లార్చి క్యాన్లు నింపింది.

శిబిరంలో అందరికీ తన చేత్తోనే పోసింది. చివర కొమురెల్లి గ్లాసులోకి చెంబు ఒంపింది.

"గివి స్పాంజి ఎయ్యకముందు తోడిన. తాగు కొమురెల్లన్నా."

నీళ్ల మీద రంగులు తిరుగుతున్నాయి. జనమంతా చూస్తున్నారు. అతను గ్లాసు పెదవుల దాకా తెచ్చి, వాసనకు మొహం తిప్పుకున్నాడు.

"ఒక్క గుక్క తాగలేవు" అంది లతీఫా. "రెండేండ్లు గవే తాగిన నేను."