గంట గోపురంలో ఐదు దీపాలు

ఉడత ఆట మళ్ళీ కొత్తగా వచ్చిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా తమ్ముడి భార్య సునీత. కిందటేడు వానలు మొదలైన వారం. నేను వంటింట్లో కూర్చుని గోంగూర తుంచుతున్నాను. తను ఫోన్ పట్టుకుని వచ్చి, "వదినా, మీ ఉడత మళ్ళీ జిందా అయింది, చూడండి" అంది. సునీత మేముండే రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడితే సగం హిందీ వస్తుంది. ఆ కబురు తెచ్చినందుకు ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

జరిగింది చెప్పేముందు ఒక సంగతి. నేను రెండు పూటలా దీపం పెట్టే మనిషిని. దేవుణ్ణి నమ్ముతాను. దయ్యాలున్నాయనీ, పోయినవాళ్ళు తిరిగొస్తారనీ మాత్రం ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పుడు మా రైల్వే క్వార్టర్స్‌లో నీళ్ళ ట్యాంకు మీద తెల్లటిదేదో ఊగుతోందని అందరూ జడుసుకుంటే, అది పంపు నడిపే ఆయన ఆరేసుకున్న లుంగీ అని కిటికీలోంచి చూసి చెప్పింది నేనే. అందుకని దీన్ని దయ్యం కథ అనుకుని చదవకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏడో ఏట వచ్చిన జ్వరానికి నా కుడికాలు చచ్చుబడింది. దగ్గర్లో ఉన్న బడిలో తరగతులన్నీ మేడ మీద. నాన్నగారిది రాయ్‌పూర్ అవతల తిల్దా స్టేషన్‌లో ఉద్యోగం. పొద్దున్న లోకల్ రైలుకి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. అమ్మకు అప్పుడే కామెర్లు. సాయంగా ఓ పదిహేను రోజులుందామని పలాస నుంచి నాన్నగారి చెల్లెలు కనకం అత్త వచ్చింది. వచ్చిన మనిషి మళ్ళీ వెళ్ళలేదు. పదో తరగతి వరకు చదివిన ఆవిడే నాకు బడి అయింది. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పరీక్షలు మాత్రం ఓపెన్ స్కూల్లో కట్టాను.

రెండువేల ఒకటిలోనో రెండులోనో నాన్నగారు గోల్ బజార్ నుంచి టీవీకి తగిలించే వీడియో గేమ్ తెచ్చారు. పసుపురంగు క్యాసెట్. అందులో కార్టూన్ ఉడత ఒకటి ఎడమ నుంచి కుడికి పరిగెడుతూ, మెట్ల మీంచీ చెక్కల మీంచీ దూకుతూ, పళ్ళు ఏరుకుంటూ పోవాలి. ఎర్ర బూట్లు దొరికితే రెట్టింపు ఎత్తుకు ఎగురుతుంది. కాలు సాగని పిల్లకి ఆ ఉడత ఎంత ముద్దో వేరే చెప్పక్కర్లేదు.

ఆరో అంచెలో, అంటే ఆరో లెవెల్లో, ఒక గంట గోపురం వస్తుంది. దాని ముందు జెండా కట్టిన పొడుగాటి స్తంభం. మొదటిసారి నేను అక్కడికి చేరినప్పుడు అత్త నా పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఏటే గుంటా, గుడి ముందుకొచ్చి సరాసరి దూరిపోతున్నావేటి?" అంది.

"గుడి కాదత్తా. గడియారం గోపురంలాంటిది."

"గంట కనబడతంది. ఎదురుగా ధ్వజస్తంభం ఉంది. గుడి కాక రైలు స్టేషనేటి? ఇలాగియ్యి."

చేతులు కొంగుకు తుడుచుకుని నా దగ్గర రిమోట్ లాక్కుంది. స్తంభం మీంచి దూకి అవతలికి, దాని వెనకగా నడిచి ఇవతలికి. అదొక చుట్టు. అలా మూడు చుట్లు తిప్పింది. అప్పుడు గోపురం గోడలో అంతవరకు లేని తలుపు తెరుచుకుంది. లోపల చిన్న గది. వరసగా ఐదు పసుపు గళ్ళు. ఉడత తగిలితే ఒక్కొక్కటీ వెలుగుతుంది. ఐదూ వెలిగాక గంట మోగుతుంది.

"చూసేవా. బేగి బేగి ఎల్లిపోతే ఇదంతా పోద్ది" అని అత్త మళ్ళీ చింతపండు ముందేసుకుంది.

అది మొదలు ఎప్పుడు ఆ గోపురం దగ్గరికి చేరినా రిమోట్ ఆవిడకిచ్చేదాన్ని. ఆ మూడు చుట్లూ ఎప్పుడూ ఆవిడవే. ఆ కాసేపట్లో నేను మంచినీళ్ళు తాగేదాన్ని, జడ సర్దుకునేదాన్ని. తెర వైపు పట్టి చూసింది లేదు.

అత్త రెండువేల ఎనిమిదిలో కిడ్నీ జబ్బుతో పోయింది. క్యాసెట్ అంతకు ముందే చెడిపోయింది.

భగవంతుడి దయవల్ల నేను ఇంట్లో కూర్చునే బతకగలిగే పని దొరికింది. వీడియో ఆటల మీద తెలుగులో నడిచే ఒక చిన్న అంతర్జాల పత్రికకు సమీక్షలు రాస్తాను. దాన్ని విశాఖలో ఉండే శేషు గారు నడుపుతారు. మూడేళ్ళ కిందట పాత ఆటల గురించి రాస్తూ ఆ తలుపు సంగతి కూడా రాశాను. ఎందుకు రాశానా అనిపించింది.

"అక్కా, ఆ ఆట నేను వందసార్లు ఆడాను. తలుపూ లేదు, తాళమూ లేదు" అని ఒకాయన రాశాడు. "బడికి వెళ్ళకపోతే ఇంతే, అత్తలు చెప్పిందే చరిత్ర" అని ఇంకొకాయన. కొందరు ఆ పాత ఆటను కంప్యూటర్‌లో పెట్టుకుని, మూడు చుట్లు తిప్పి, వీడియోలు పంపారు. తలుపు తెరుచుకోలేదు. నేనూ తిప్పి చూశాను. నాకూ తెరుచుకోలేదు.

కిందటేడు అదే ఆటకు మెరుగులు దిద్ది కొత్తగా విడుదల చేశారు. శేషు గారు ఫోన్ చేశారు. ఆయన నెమ్మదైన మనిషి.

"అమ్మా, సమీక్ష మీరే రాయండి. ఆ తలుపు గొడవ కూడా ఇందులోనే తేల్చేద్దాం. ఉంటే అందరికీ చూపిద్దాం. లేదంటే పొరబడ్డానని ఒక్క వాక్యం రాసేయండి, అక్కడితో పోతుంది."

ఆయనకది ఒక్క వాక్యం. నాకు ఓనమాలు దిద్దించిన మనిషి నాకు చూపించింది అబద్ధమని, ఆవిడ నేర్పిన అక్షరాలతోనే రాయాలి. వారం రోజులు గడువు అడిగాను.

ఆ వారమంతా ఆట ఆడాను. సమీక్షకురాలిగా చెప్పాలంటే చాలా శ్రద్ధగా చేసిన పని. ప్రతి బొమ్మనూ చేత్తో కొత్తగా గీశారు. పాత ఆటలో కీచుమనే సంగీతాన్ని నిజం వాయిద్యాలతో మళ్ళీ వాయించారు. ఉడత దూకినప్పుడు తోక ఒక్క క్షణం వెనకపడి, తర్వాత వచ్చి కలుస్తుంది. అది చూడ్డానికే ఎన్నిసార్లు దూకించానో. తప్పు చేస్తే కాస్త వెనక్కి తిప్పుకునే మీట ఇచ్చారు. ఇంకో మీట నొక్కితే కొత్త బొమ్మ పోయి అదే చోట పాత బొమ్మ కనబడుతుంది. మంచు అంచె మాత్రం ఇప్పటికీ విసిగిస్తుంది. అక్కడ బూట్లతో నడిస్తే జారిపోతాం, విప్పేసి నడవాలి. విప్పితే ఎత్తుకు ఎగరలేం.

ఇవన్నీ రాసుకున్నాను. గోపురం దగ్గర మాత్రం రోజూ మూడు చుట్లు తిప్పడం, గోడ గోడలాగే ఉండడం.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి గడువు. నా తెర అందరికీ కనబడేలా సునీత కంప్యూటర్‌లో కాల్ కలిపింది. అటువైపు శేషు గారు, వెక్కిరించిన ఆ ఇద్దరూ ఉన్నారు. ఆ ఇద్దర్నీ పిలవమని నేనే అడిగాను. తప్పయితే వాళ్ళ ఎదుటే ఒప్పుకుందామని.

"నాకైతే గాభరాగా ఉంది వదినా" అంటూ సునీత నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ ఆట ఆడుతుంటే తను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

మొదటిసారి మూడు చుట్లు తిప్పాను. ఏమీ కాలేదు. రెండోసారీ అంతే.

"ప్రదక్షిణలు బాగున్నాయక్కా, ప్రసాదం ఎప్పుడు పెడతారు?" అన్నాడు తలుపూ తాళం అన్నాయన. రెండో ఆయన నవ్వాడు. శేషు గారు గొంతు సవరించుకున్నారు. ఇక ఆ వాక్యం రాయక తప్పదనుకున్నాను.

అప్పుడు సునీత నా మోచేతి మీద తట్టింది.

"వదినా, ఏక్ మినిట్. ఆ ఉడత జూతేలు వేసుకునే తిరుగుతోంది కదా. మందిర్ ముందు అలా తిరుగుతారా ఎవరైనా?"

నా చెయ్యి ఆగిపోయింది. పాత బొమ్మలో ఆ బూట్లు రెండు ఎర్ర చుక్కలు. ఉన్నాయో లేవో కూడా తెలిసేది కాదు. కొత్తగా గీసినవాళ్ళు వాటికి లేసులు కూడా వేశారు కాబట్టి సునీత కంట్లో పడ్డాయి. కలలో కూడా చెప్పులేసుకుని ధ్వజస్తంభం చుట్టూ తిరిగే మనిషి కాదు మా అత్త. బూట్లు విప్పే ఉంటుంది. నాకు చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఆవిడకు తోచి ఉండదు. ఆట బాగా వచ్చినవాళ్ళెవరూ అక్కడ బూట్లు వదులుకోరు, అవి లేకుండా ఆ స్తంభం దాటడం అంత కష్టం.

"ఇంకొక్కసారి" అన్నాను.

ఉడతకు రెండు ప్రాణాలు మిగిలాయి. బూట్లు విప్పించాను. దూకితే గోళ్ళు స్తంభం అంచుకు తగిలి కింద పడింది. ఒక ప్రాణం పోయింది. వెనక్కి తిప్పే మీట నొక్కొచ్చు. మనసొప్పలేదు. ఆ పాత ఆటలో అత్తకు అలాంటి మీట లేదు.

చివరి ప్రాణం. బాగా వెనక్కి వెళ్ళి, పరుగు తీయించి, చెక్క అంచున ఆఖరి వేలెడు చోటు నుంచి దూకించాను. దాటింది. వెనకగా నడిపించాను. సునీత "ఏక్" అంది. మళ్ళీ పరుగు. "దో" అంది. మూడోసారి తను లెక్కపెట్టలేదు, చేతులు జోడించి కూర్చుంది.

గోడలో తలుపు తెరుచుకుంది.

కాల్‌లో తలుపూ తాళం అన్నాయనే, "అక్కా, వెనక్కి తిప్పి మళ్ళీ చూపించండి" అన్నాడు, చిన్న గొంతుతో. ఇప్పుడు మీట నొక్కాను. మళ్ళీ తెరుచుకుంది. "అమ్మా" అన్నారు శేషు గారు.

ఉడతను లోపలికి పంపాను. ఐదు దీపాలనూ ఒక్కొక్కటిగా తాకించాను. ఐదూ వెలిగాయి. గంట మోగింది. నేను ఏడ్చాననుకోకండి. హాయిగా నవ్వాను.

సాయంత్రానికి ఆ ఇద్దరూ వాళ్ళ ఇళ్ళలో అదే తలుపు తెరిచారు. బడి మాట అన్నాయన, తన పేరు పెట్టి, "మా ఇంట్లోనూ తెరుచుకుంది. తప్పు నాది. అత్తగారికి దండాలు" అని రాశాడు. శేషు గారు నా సమీక్ష పైన తనే ఒక వాక్యం చేర్చారు, రెండేళ్ళ కిందట ఈమె రాసింది నిజమేనని. ఇక్కడితో అయిపోతే ఇది సంతోషంగా చెప్పుకునే కబురు మాత్రమే అయ్యేది.

ఆ రోజు కాల్ అయిపోయాక నేను ఆ గదిని తీరిగ్గా చూశాను. పాత ఆటలో దీపాలంటే పసుపు గళ్ళే. కొత్తదాంట్లో అవి ఇత్తడి కుందులు, ఉడత ఎత్తున్నవి. నాలుగు ఒక్కలా ఉన్నాయి. మధ్యలో కుంది కాడకు మాత్రం ఎర్రటి తీగ చుట్టి ఉంది. తీగ కొస ఎడమవైపుకి వంగి ఉంది.

అత్త పలాస నుంచి తెచ్చుకున్న కుంది ఒకటి మా పూజగూట్లో ఉంది. ఒకసారి కిందపడి దాని కాడ విరిగితే నాన్నగారు రాగి తీగ చుట్టి బిగించారు. సునీత వెళ్ళి దాన్ని తెచ్చి తెర పక్కన పెట్టింది. తీగ కొస ఎడమవైపుకే ఉంది. చుట్లు లెక్కపెట్టాను. కుందికి ఏడు, బొమ్మలోనూ ఏడు. సునీతను కూడా లెక్కపెట్టమన్నాను. తనకూ ఏడే వచ్చాయి. పాత బొమ్మ చూపించే మీట నొక్కితే అక్కడ గదీ లేదు, దీపాలూ లేవు. చీకటి గోడలో ఉడత ఒక్కటే ఉంది.

ఆ కుంది ఇల్లు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఏ ఫొటోలోనైనా పడిందేమోనని ఇంట్లో ఉన్న ఆల్బమ్‌లన్నీ, తమ్ముడివీ సునీతవీ నావీ ఫోన్లూ వెతికాను. లేదు.

ఆట చేసినవాళ్ళకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. మూడు వారాలకు మర్యాదగా జవాబు వచ్చింది. పాత ఆటలో అలాంటి గది ఎన్నడూ లేదట. నిజమే, ఆ పాత ఆటలో బూట్లు విప్పి తిప్పినవాళ్ళకు కూడా తలుపు తెరుచుకోలేదు. మా పసుపు క్యాసెట్ ఎవరో మార్చి చేసిన నకలు అయి ఉండొచ్చని రాశారు. నాకూ అలాగే తోచింది. కానీ తమ కొత్త ఆటలో గది ఎలా వచ్చిందో వాళ్ళకు తెలియదట. వాళ్ళ దగ్గర ప్రతి బొమ్మకూ గీసినవాళ్ళ పేరు ఉంటుంది. ఆ ఐదు కుందుల బొమ్మకు పేరు లేదు. గీసినవాళ్ళందర్నీ అడిగారు. ఎవరూ తామేనని చెప్పలేదు. చివర్లో ఒక మాట రాశారు. గది వల్ల ఆటకు ఏ ఇబ్బందీ లేదు కాబట్టి దాన్ని తీసేయబోమని.

దీనికి కారణం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా ఒక కొస దొరికితే ఇంకో కొస జారిపోతోంది. దయ్యాలను నేను ఈ రోజుకీ నమ్మను. దేవుడికి మాత్రం రోజూ చెప్పుకునే కృతజ్ఞతల్లో ఇదొకటి చేరింది.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. కనకం అనే మనిషిని ఒకసారి తలుచుకోండి. పలాస దగ్గర పల్లెలో పుట్టి, తన ఊరు కాని రాయ్‌పూర్‌లో, తన కడుపున పుట్టని పిల్లకు చదువు చెప్పి, ఇక్కడే కన్నుమూసింది. ఆవిడ పేరు ఇంతవరకు ఎక్కడా అచ్చు కాలేదు. ఇక్కడ అయింది.