టోపీ లేని సార్

ఉప్పల్‌లో అద్దెగదిలో ఉంటూ, నాచారంలోని ఒక మాత్రల ఫ్యాక్టరీకి ట్రైనీగా వెళ్లే ఆ రోజుల్లో నన్ను బతికించిన ఇంగ్లీషు మాట ఒక్కటే, సార్. బస్సులో కండక్టరు సార్, చౌరస్తాలో బండి ఆపే పోలీసు సార్. పక్క పోర్షన్ ఆంటీకి కట్టుకున్న భర్త కూడా ‘మా సారే’. ఎదుటివాడి పేరు గుర్తు రాకపోతే సార్ అంటే గండం గడిచేది. ఒళ్లు మండితే ‘ఏం సార్’ అని కాస్త సాగదీస్తే తిట్టు కిందే లెక్క. నేను మాత్రం ఆ మాటను భయానికే వాడేవాణ్ణి. క్యాంటీన్‌లో చాయ్ పోసే అన్నను కూడా సార్ అన్నాను (ఆయన ఆ రోజంతా నన్ను అనుమానంగా చూశాడు).

మా ఇంచార్జిని వెనకాల అందరూ మిర్చి సార్ అనేవారు. హాలు శుభ్రత తనిఖీ చేసే ఆడిట్ రోజు పొద్దున్నే ఆయన నన్ను ప్యాకింగ్ హాలు తలుపు దగ్గర నిలబెట్టాడు. “ఆడిటర్ సార్ వస్తడు. ఎదురు మాట్లాడకు. కానీ టోపీ, గౌను లేకుండ ఎవ్వరు లోపలికి పోవద్దు. పోయిన్రంటే రేపటి సంది నువ్వు రాకు,” అన్నాడు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన సంతకం కోసమే ఆగి ఉంది. ఎదురు మాట్లాడకుండా ఆడిటర్‌ను ఎలా ఆపాలో అడుగుదామనుకున్నాను. సరే సార్ అన్నాను.

కాసేపటికి సఫారీ డ్రస్సు, చంకలో తోలు సంచితో ఒక పెద్దమనిషి వచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ సెల్యూట్ కొట్టడం నా కళ్లతో చూశాను. ఇంకేం, ఆడిటర్ సారే. “సార్,” అన్నాను, రండి అని. నవ్వి ముందుకు నడిచాడు. మళ్లీ సార్ అన్నాను, ఆగండి అని. ఆగలేదు. టోపీల పెట్టె చూపిస్తూ సార్ అన్నాను. బాగుందన్నట్టు తలూపి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. ఆపితే ఈయనకు కోపం, ఆపకపోతే మిర్చి సార్‌కు కోపం, ఎటుపోయినా పోయేది నా ఉద్యోగమే. ఇంటికెళ్లి అమ్మకు ఏం చెప్పాలో కూడా మనసులో అనుకోవడం మొదలుపెట్టాను. అంతలో ఏం పూనిందో, తలుపుకు అడ్డంగా చేతులు చాచి, కళ్లు గట్టిగా మూసుకుని “సార్” అన్నాను. మాట కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది.

కళ్లు తెరిచేసరికి ఆయన బుద్ధిగా టోపీ పెట్టుకుంటున్నాడు. గౌను దారాలు కట్టబోతే ముడి పడలేదు, పాపం ఆయనే కట్టుకున్నాడు. మేం లోపలికి వెళ్లగానే అందరూ తలలు దించి పనిలో పడ్డారు. ఆయన మాత్రల వంక కాసేపు చూసి, నా చెవి దగ్గరికి వంగి, “తమ్మి, జర మీ ఇంచార్జి యాడుంటడు? బోడుప్పల్ నుంచి వచ్చిన. మా చెల్లె పెండ్లి కార్డు ఇయ్యాలె,” అంటూ సంచిలోంచి పసుపు రాసిన కవరు తీశాడు.

మాత్రల హాలులో పసుపు! నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడే తలుపు తెరుచుకుంది. మిర్చి సార్, ఆయన పక్కన టోపీ, గౌనుతో సన్నటి కళ్లద్దాల మనిషి. అసలు ఆడిటర్ ఆయనే, నడవాలోని అద్దాల కిటికీలోంచి అంతా చూశాడట. నా దగ్గరికి వచ్చి, ఎవరనుకుని ఆ పెద్దమనిషిని ఆపావని అడిగాడు.

“మీరనుకున్న సార్.”

“నేననుకొనే ఆపినవా?” అన్నాడు. తర్వాత మిర్చి సార్ వైపు తిరిగి నవ్వాడు. ఆ పసుపు గురించి మిర్చి సార్ నన్ను చాలా రోజులు తిట్టాడు గానీ, కాగితం మీద సంతకం ఆ వారమే పెట్టాడు. ఆ పెళ్లికి నన్నూ పిలిచారు, వెళ్లి సుష్టుగా తిన్నాను.

ఇప్పుడు అదే హాలుకు నేనే సార్‌ని. నా వెనకాల ఏ పేరు పెట్టారో తెలియదు. మొన్న ఏదో తొందరలో టోపీ లేకుండా లోపలికి పోబోతే, కొత్తగా చేరిన అమ్మాయి తలుపుకు అడ్డంగా చేతులు చాచి, కళ్లు మూసుకుని “సార్” అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. నవ్వొచ్చింది, వెంటనే ఎందుకో జాలేసింది, ఆ పిల్ల మీదో నా మీదో చెప్పలేను. గబగబా టోపీ పెట్టుకుని, “భయం దేనికమ్మా, అన్న అని పిలువు చాలు,” అన్నాను.

“సరే సార్,” అంది.