అమ్మను నిద్రపుచ్చిన టెక్నో

యాంబియెంట్ టెక్నో అనే సంగీతం నాకు నచ్చిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. మాటలుండవు, రాగముండదు. వెనకాల సన్నటి హోరు, దాని మీద గంటసేపు ఒకటే దరువు. వింటుంటే విసుగొస్తుంది. ఆపేస్తే ఇల్లంతా బోసిపోయినట్టుంటుంది.

ఈ రోజు మధ్యాహ్నం సిరిసిల్లలో మా ఇంట్లో ఆఫీసు పని చేసుకుంటూ దాన్నే స్పీకర్‌లో పెట్టాను. పక్కన చాప మీద నడుం వాల్చిన అమ్మ అట్లాగే నిద్రపోయింది. నాకు ఆశ్చర్యమేసింది. నాన్న పోయాక మా రెండు సాంచెలను, అంటే మరమగ్గాలను, పాత ఇనుము కింద అమ్మేశాం. అప్పట్నుంచి చప్పుడు లేక ఆమెకు పగలు కన్నంటుకోదు.

పాట మధ్యలో దరువు టక్కున ఆగి, హోరొక్కటే మిగిలింది. అమ్మ కళ్లు తెరవకుండానే అంది:

"కండె అయిపోయినట్టుంది, సూడు బిడ్డా."

కండె అంటే సాంచె మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్ట. అది అయిపోతే సాంచె ఆగుతుంది. నేను గబగబా పాటను ముందుకు జరిపాను. దరువు మళ్లీ మొదలైంది.

"మార్చిన, నువ్వు పండుకో అమ్మా," అన్నాను.

అమ్మ అటు తిరిగి పడుకుంది. నాకే మళ్లీ పనిలో మనసు నిలవలేదు. చిన్నప్పుడు కరెంటు పోయి సాంచెలు ఆగితే, నేను ఉయ్యాలలో ఉలిక్కిపడి ఏడ్చేదాన్నట.

మధ్యలో ఎక్కడా ఆగని టెక్నో ఏదైనా తెలిస్తే కింద చెప్పండి. అమ్మ కోసమే అడుగుతున్నాను.